తారు రోడ్డుకు గీటురాయి

రోడ్డు మీద నల్లగా పరచుకొని కనిపించే పొరలో తారు పాలు నిజానికి చాలా తక్కువ. బరువును బట్టి లెక్కిస్తే అందులో సుమారు 95 శాతం కంకర, రాతిపొడి కాగా, తక్కిన 5 శాతం మాత్రమే ఆ రాళ్లన్నింటినీ పట్టి ఉంచే బంధకం. ముడిచమురును స్వేదనం చేసి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వంటి తేలిక పదార్థాలను వేరుచేశాక, మిగిలినదానిని తక్కువ పీడనంలో మరోమారు స్వేదనం చేస్తే అట్టడుగున చిక్కని నల్లటి పదార్థం మిగులుతుంది. ఆ బంధకం అదే. సాంకేతిక పరిభాషలో దాని పేరు బిటుమెన్. వాడుకలో దీనినే తారు అంటున్నప్పటికీ, బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తీసే తారు రసాయనికంగా వేరే పదార్థం. విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారం వంటి చోట్ల తయారై, ట్యాంకర్లలో, కంకరతో వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంట్లకు చేరే ఈ పదార్థంలో లోపం ఉంటే, కంకర ఎంత గట్టిదైనా రోడ్డు నిలవదు.

బిటుమెన్‌ను పరీక్షించడంలోని చిక్కంతా దాని స్వభావంలోనే ఉంది. చలికాలపు తెల్లవారుజామున సుత్తితో కొడితే గాజులా పగిలే ముక్కే మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి, 150 డిగ్రీల సెల్సియస్ వద్ద నూనెలా పారుతుంది. భారం పడే వేగాన్ని బట్టి కూడా దాని నడవడి మారుతుంది: వేగంగా దూసుకుపోయే లారీ చక్రం కింద అది రబ్బరులా కాస్త ఒదిగి మళ్లీ యథాస్థితికి వస్తే, అదే లారీ ఆగి నిలబడినప్పుడు ద్రవంలా నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. రద్దీ కూడళ్లలో సిగ్నళ్ల దగ్గర, బస్సులు ఆగే చోట్ల రోడ్డు చాళ్లు పడినట్లు నొక్కుకుపోవడానికి ఒక కారణం ఇదే. ద్రవ లక్షణమూ, స్థితిస్థాపక లక్షణమూ కలిసి ఉన్న ఇటువంటి పదార్థాన్ని ఒకే ఉష్ణోగ్రత వద్ద, ఒకే కొలతతో అంచనా వేయడం సాధ్యం కాదు.

తారు రోడ్డును దెబ్బతీసేవి ముఖ్యంగా మూడు. వేసవి వేడికి బంధకం మెత్తబడి చక్రాల దారిలో చాళ్లు ఏర్పడటం మొదటిది. ఏళ్ల తరబడి గాలికి, ఎండకు గురై బంధకం పెళుసెక్కి పగుళ్లు రావడం రెండవది. నీరు లోపలికి చొరబడి రాయి నుంచి తారును విడదీయగా కంకర లేచిపోయి గుంతలు పడటం మూడవది. వేడి, కాలం, నీరు అనే ఈ మూడింటినీ బంధకం ఎలా తట్టుకుంటుందో రోడ్డు వేయకముందే తెలుసుకోవడానికి సుమారు 140 ఏళ్లుగా సాగుతున్న ప్రయత్నాల ఫలితమే నేటి ప్రయోగశాల పరీక్షలు.

సూది, గుండు

అమెరికా నగరాల్లో తారు వీధులు వేయడం మొదలైన తొలినాళ్లలో, 19వ శతాబ్దపు చివరి భాగంలో, బంధకం గట్టిదనాన్ని అంచనా వేయడానికి అనుభవజ్ఞులైన పనివారు దానిని నోట్లో వేసుకొని నమిలి చూసేవారు. పాకం ముదిరిందో లేదో వేళ్ల మధ్య తీగ సాగదీసి చెప్పే వంటవారి నేర్పు వంటిదే ఇది. తెలిసినవారి చేతిలో బాగానే పనిచేస్తుంది గానీ, ఒకరి తీర్పును ఇంకొకరు సరిచూడటానికి వీలులేదు. ఈ లోటు తీర్చడానికి బార్బర్ ఆస్ఫాల్ట్ పేవింగ్ కంపెనీకి చెందిన హెచ్.సి. బోవెన్ 1888లో ఒక సూది యంత్రాన్ని రూపొందించాడు. నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పెనిట్రేషన్ పరీక్షకు, అంటే సూది దిగుబడి పరీక్షకు, అదే మూలం.

పరీక్ష విధానం చూడటానికి సులువే అయినా ప్రతి అడుగులోనూ నిక్కచ్చితనం కావాలి. పోయడానికి వీలయ్యేంత వరకు వేడిచేసిన బిటుమెన్‌ను చిన్న లోహపు గిన్నెలో పోసి, దుమ్ము పడకుండా మూసి చల్లార్చి, ఆపై 25 డిగ్రీల నీటి తొట్టిలో గంటకు తక్కువ కాకుండా ఉంచుతారు. తరువాత సూదిని నెమ్మదిగా కిందికి దించుతూ, అద్దంలా మెరిసే బిటుమెన్ ఉపరితలంలో కనిపించే తన ప్రతిబింబాన్ని సూది మొన సరిగ్గా తాకేచోట ఆపుతారు. అక్కడి నుంచి 100 గ్రాముల బరువుతో 5 సెకన్ల పాటు సూదిని వదిలితే అది ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన డయల్ మీద చూపిస్తుంది. ఉదాహరణకు 45 అని నమోదైతే సూది 4.5 మిల్లీమీటర్లు దిగిందని అర్థం. సంఖ్య పెరిగేకొద్దీ పదార్థం మెత్తనిదన్నమాట. ఒకదానికొకటి కనీసం 10 మిల్లీమీటర్ల దూరంలో మూడు చోట్ల ఇలా కొలిచి సగటు తీస్తారు. ప్రతిసారీ శుభ్రమైన సూదినే వాడతారు.

దీనికి తోడుగా నిలిచేది మెత్తబడే ఉష్ణోగ్రతను కొలిచే రింగు–గుండు పరీక్ష. రెండు చిన్న ఇత్తడి రింగులలో బిటుమెన్ నింపి, ఒక్కొక్కదానిమీద 9.5 మిల్లీమీటర్ల వ్యాసం, 3.5 గ్రాముల బరువు ఉన్న ఉక్కు గుండును పెట్టి, 5 డిగ్రీల చల్లని నీటిలో ఉంచి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి పెంచుకుంటూ పోతారు. ఒక దశలో బిటుమెన్ గుండు బరువుకు కిందికి సాగి, 25 మిల్లీమీటర్ల దిగువన ఉన్న పలకను తాకుతుంది. ఆ క్షణాన నీటి ఉష్ణోగ్రత ఎంత ఉందో అదే మెత్తబడే ఉష్ణోగ్రత. వేడి పెంచే వేగం తప్పితే ఫలితమూ తప్పుతుంది కనుక మంటను అదుపులో ఉంచడమే ఈ పరీక్షలోని అసలు పని. నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలుగా మారి గుండుకు అంటుకోకుండా ముందుగా కాచి చల్లార్చిన నీటినే వాడటం కూడా ఈ నిక్కచ్చితనంలో భాగమే.

సాగే గుణాన్ని కొలవడానికి బిటుమెన్‌ను నడుము సన్నగా ఉండే అచ్చులో పోసి, నీటిలో ఉంచి, నిమిషానికి 50 మిల్లీమీటర్ల వేగంతో రెండు కొసలనూ లాగుతూ, తెగిపోయేలోపు ఎన్ని సెంటీమీటర్ల తీగ సాగిందో చూస్తారు. ఏ ఉష్ణోగ్రత వద్ద ఆవిర్లు భగ్గుమంటాయో చెప్పే జ్వలన ఉష్ణోగ్రత పరీక్ష ప్లాంటులో పనిచేసేవారి భద్రతకు సంబంధించినది. భారతీయ ప్రమాణం ప్రకారం అది 220 డిగ్రీలకు తగ్గరాదు. ట్రైక్లోరోఇథిలిన్ ద్రావణిలో 99 శాతమైనా కరగాలన్న నిబంధన పదార్థంలో మట్టి, రాతిపొడి వంటి కల్తీ లేదని తేల్చుతుంది.

సూది నుంచి స్నిగ్ధతకు

సూది పరీక్ష చవకైనది, త్వరగా ముగిసేది. అయినా దానిలో ఒక మౌలికమైన లోపం ఉంది. అది 25 డిగ్రీల వద్ద పదార్థం ఎలా ఉందో చెబుతుందే తప్ప, వేడి పెరిగితే ఏమవుతుందో చెప్పదు. రెండు వేర్వేరు ముడిచమురుల నుంచి వచ్చిన బిటుమెన్‌లు 25 డిగ్రీల వద్ద ఒకే సంఖ్యను చూపినా, 60 డిగ్రీలకు చేరేసరికి ఒకటి గట్టిగా నిలబడి, రెండవది పలచబడిపోవచ్చు. తెలుగు నేల మీద ఈ తేడా చిన్నది కాదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నల్లటి రోడ్డు ఎండను మరింతగా పీల్చుకుంటుంది కనుక దాని ఉపరితలం 60 డిగ్రీలను మించి కాగుతుంది. చాళ్లు పడేది ఆ వేడిలోనే గాని 25 డిగ్రీల వద్ద కాదు.

అందుచేత భారతీయ ప్రమాణాల సంస్థ 2006లో ఐఎస్ 73 ప్రమాణాన్ని సవరించి, అంతవరకు సూది దిగుబడి ఆధారంగా 80/100, 60/70, 30/40 అని పిలిచిన రకాల స్థానంలో స్నిగ్ధతను బట్టి వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40 అనే నాలుగు శ్రేణులను ప్రవేశపెట్టింది. ద్రవం ప్రవహించడాన్ని లోలోపల నిరోధించే గుణమే స్నిగ్ధత. దానిని 60 డిగ్రీల వద్ద కొలవడానికి బిటుమెన్‌ను సన్నని గాజు కేశనాళికలో పోసి, పై కొస నుంచి 300 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానమైన శూన్యపీడనంతో లాగుతారు. అంత చిక్కని పదార్థం తనంత తానుగా కదలదు కనుక ఈ శూన్యం అవసరమవుతుంది. గాజు మీద గీసిన ఒక గుర్తు నుంచి మరొక గుర్తుకు ఎక్కడానికి పట్టిన సెకన్లను ఆ నాళికకు చెందిన గుణకంతో హెచ్చిస్తే స్నిగ్ధత పోయిజ్ అనే ప్రమాణంలో వస్తుంది.

2013 నాటి సవరణ ప్రకారం వీజీ-30 స్నిగ్ధత 2400 నుంచి 3600 పోయిజ్‌ల మధ్య, వీజీ-40 స్నిగ్ధత 3200 నుంచి 4800 పోయిజ్‌ల మధ్య ఉండాలి. గది ఉష్ణోగ్రత వద్ద నీటి స్నిగ్ధత సుమారు 0.01 పోయిజ్ మాత్రమే కనుక, వేసవి మధ్యాహ్నం కాగిన రోడ్డులోని వీజీ-30 సైతం నీటికంటే లక్షల రెట్లు చిక్కగా ఉండాలన్నమాట. అదే పదార్థం 135 డిగ్రీల వద్ద కంకరను చక్కగా తడిపేంత పలచబడాలి కాబట్టి ఆ ఉష్ణోగ్రత వద్ద మరో స్నిగ్ధత పరీక్ష ఉంటుంది. వారం రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 38 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండే ప్రాంతాలకు వీజీ-30ను, 45 దాటే చోట్లకు వీజీ-40ను ఈ ప్రమాణం సూచిస్తుంది. సూది పరీక్షను పూర్తిగా తొలగించలేదు. వీజీ-30కి కనీసం 45, వీజీ-40కి కనీసం 35 దిగుబడి ఉండాలని నిర్దేశించడం ద్వారా మామూలు వాతావరణంలో పదార్థం మరీ పెళుసుగా లేదని అది హామీ ఇస్తుంది.

ముసలితనాన్ని ముందే తెప్పించడం

రోడ్డు మీద పడే నాటికే బిటుమెన్ కొంత ముదిరిపోయి ఉంటుంది. హాట్‌మిక్స్ ప్లాంటులో 150 డిగ్రీలకు మించి కాగిన కంకర మీద అది మిల్లీమీటరులో నూరో వంతు మందం గల పొరగా పరచుకున్నప్పుడు, ఆ పలచని పొరలోకి గాలిలోని ఆక్సిజన్ తేలికగా చొరబడుతుంది, తేలికపాటి నూనెలు ఆవిరైపోతాయి. బిటుమెన్‌లో నూనెల నడుమ తేలియాడే ఆస్ఫాల్టీన్లు అనే బరువైన అణువుల పాలు ఈ ఆక్సీకరణంతో పెరుగుతుంది. దాంతో పదార్థం గట్టిపడి, సాగే గుణం కోల్పోతుంది.

ఈ మార్పును ప్రయోగశాలలో పునరావృతం చేయడానికి ఒక్కొక్క గాజు సీసాలో 35 గ్రాముల బిటుమెన్ పోసి, 163 డిగ్రీల ఓవెన్‌లో నిమిషానికి 15 సార్లు తిరిగే చక్రానికి ఆ సీసాలను అడ్డంగా బిగిస్తారు. సీసా తిరుగుతున్నంతసేపూ బిటుమెన్ లోపలి గోడ మీద కొత్త కొత్త పొరగా పరచుకుంటూ ఉంటే, ప్రతి సీసా నోటిలోకీ వంతులవారీగా వేడి గాలి వీస్తుంది. 85 నిమిషాలు గడిచాక తీసి చూస్తే, దాని స్నిగ్ధత మొదటి స్నిగ్ధతకు 4 రెట్లు మించరాదు. వీజీ-30 అయితే 25 డిగ్రీల వద్ద కనీసం 40 సెంటీమీటర్లు సాగాలి. ప్లాంటులో జరిగే ముదిరింపుకు ఇది సరిపోతుంది. రోడ్డు మీద ఏళ్ల తరబడి జరిగేదానిని అంచనా వేయడానికి ఇలా ముదిరిన నమూనానే తిరిగి ఒక ఉక్కు పాత్రలో పెట్టి, 100 డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి సుమారు 20 రెట్ల గాలి పీడనం కింద 20 గంటలు ఉంచుతారు.

అమెరికాలో 1987 నుంచి 1993 వరకు సాగిన వ్యూహాత్మక రహదారి పరిశోధన కార్యక్రమం ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లింది. బంధకానికి పేరు పెట్టడంలోనే వాతావరణాన్ని చేర్చడం దాని ముఖ్య ఫలితం. పీజీ 64-22 అనే రకం, రోడ్డు లోపలి ఉష్ణోగ్రత ఎండాకాలంలో 64 డిగ్రీల దాకా పెరిగినా, శీతాకాలంలో సున్నాకు దిగువన 22 డిగ్రీల దాకా పడిపోయినా తట్టుకోవాలి. ఇందుకు వాడే ప్రధాన పరికరంలో రెండు గుండ్రటి పలకల మధ్య ఒక మిల్లీమీటరు మందాన బిటుమెన్ ఉంచి, పై పలకను అటూ ఇటూ అతి స్వల్పంగా తిప్పుతూ, తోసిన బలానికీ పదార్థం కదలికకూ మధ్య ఎంత ఆలస్యం ఉందో కొలుస్తారు. ఆలస్యం ఏమీ లేకుంటే అది పూర్తిగా స్థితిస్థాపక పదార్థం. కోణంలో 90 డిగ్రీల ఆలస్యం ఉంటే పూర్తిగా ద్రవం. బిటుమెన్ ఈ రెండింటి నడుమ ఎక్కడ ఉందో ఏ ఉష్ణోగ్రత వద్దనైనా ఇలా తేల్చవచ్చు. మన దేశంలో పాలిమర్లు కలిపిన బిటుమెన్‌కు సంబంధించిన ఐఎస్ 15462 ప్రమాణం కూడా 2019 సవరణతో ఈ పద్ధతికే మారింది.

మిశ్రమానికి పరీక్ష

బంధకం మంచిదైనంత మాత్రాన రోడ్డు మంచిది కాదు. కంకరలో ఏ పరిమాణపు రాయి ఎంత ఉండాలి, అందులో బిటుమెన్ ఎంత కలపాలి అన్నది వేరే ప్రశ్న. దీనికి సమాధానంగా మిసిసిపీ రాష్ట్ర రహదారుల శాఖ ఇంజినీరు బ్రూస్ మార్షల్ 1939 ప్రాంతంలో ఒక పద్ధతిని రూపొందించగా, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బరువైన విమానాలను తట్టుకునే రన్‌వేల కోసం అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగం దానిని మెరుగుపరచింది. భారత రోడ్లలో నేటికీ ప్రధానంగా వాడుకలో ఉన్నది ఇదే.

వేడి మిశ్రమాన్ని సుమారు 102 మిల్లీమీటర్ల వ్యాసం గల అచ్చులో పోసి, 4.54 కిలోల సుత్తిని 457 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి రెండు వైపులా 75 సార్ల చొప్పున వదిలి దట్టిస్తే 63.5 మిల్లీమీటర్ల మందం గల బిళ్ల తయారవుతుంది. బిటుమెన్‌ను అర శాతం చొప్పున పెంచుకుంటూ, ఒక్కొక్క పాలుకు మూడేసి బిళ్లలు చేస్తారు. వాటిని 60 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి తీసి, వెంటనే యంత్రంలో నొక్కినప్పుడు బిళ్ల భరించిన గరిష్ఠ బలాన్ని స్థిరత్వమనీ, అప్పటికి అది నలిగిన మేరను ప్రవాహమనీ అంటారు. కేంద్ర రహదారుల శాఖ నిర్దేశాల ప్రకారం వీజీ రకాలతో చేసిన తారు కాంక్రీటుకు స్థిరత్వం కనీసం 9 కిలోన్యూటన్లు, ప్రవాహం 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి.

ఈ బలం కంటే కూడా ముఖ్యమైనది బిళ్లలో మిగిలిన గాలి పాలు. ఉదాహరణకు, ఏమాత్రం గాలి లేకుండా ఉంటే మిశ్రమపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.50 గ్రాములై, దట్టించిన బిళ్ల సాంద్రత 2.40 గ్రాములైతే, అందులో 4 శాతం గాలి ఉన్నట్లు లెక్క. ఇది 3 నుంచి 5 శాతం మధ్య ఉండాలి. అంతకు తగ్గితే వేసవిలో వ్యాకోచించే బిటుమెన్‌కు చోటు చాలక అది పైకి ఉబికి, రోడ్డు నున్నగా జారుడుగా తయారవుతుంది, మిశ్రమం చక్రాల కింద పక్కకు జరుగుతుంది; పెరిగితే గాలి, నీరు లోపలికి దారి చేసుకుంటాయి. బిటుమెన్ ఎక్కువ పోస్తే రోడ్డు గట్టిగా ఉంటుందన్న అపోహకూ, మిగుల్చుకుందామన్న ఆశకూ ఒకేసారి జవాబు చెప్పే సంఖ్య ఇది.

నీటితో పోరు

రాయికి తారుకంటే నీరంటేనే ఎక్కువ మక్కువ. ముఖ్యంగా సిలికా ఎక్కువగా ఉండే గ్రానైటు వంటి ఆమ్ల స్వభావపు రాళ్ల మీద నీరు బిటుమెన్ పొర కిందికి చేరి దానిని ఒలిచివేస్తుంది. క్షార స్వభావం గల సున్నపురాయి బిటుమెన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. తెలంగాణ, రాయలసీమలలో ఎక్కువగా దొరికేది గ్రానైటు జాతి కంకరే కనుక ఇక్కడ ఈ పరీక్షలకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. బిటుమెన్ పూసిన కంకరను 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచి, ఎంత మేర పూత మిగిలిందో కంటితో అంచనా వేయడం సరళమైన పద్ధతి. కనీసం 95 శాతం పూత నిలవాలి. ఇంతకంటే కఠినమైన పరీక్షలో కొన్ని బిళ్లలను నీటితో నింపి, గడ్డకట్టించి, తిరిగి 60 డిగ్రీల నీటిలో ఉంచి, పొడి బిళ్లలతో పాటు అడ్డంగా నొక్కి చీలుస్తారు. తడిసిన బిళ్లల బలం పొడివాటి బలంలో 80 శాతమైనా ఉండాలి. ఈ పరీక్షలో తప్పిన కంకరను పారేయనక్కరలేదు. రాతిపొడిలో కొంత భాగానికి బదులు తడిసున్నపు పొడి కలిపితే బంధం గణనీయంగా మెరుగుపడుతుంది.

ప్రయోగశాల నుంచి రోడ్డు మీదికి

పైన చెప్పిన పరీక్షలన్నింటికీ ఒక హద్దు ఉంది: ఏ ఫలితమైనా తెచ్చిన నమూనాను గురించే చెబుతుంది. ట్యాంకరు పైభాగం నుంచి మాత్రమే తీసిన డబ్బాడు బిటుమెన్ మొత్తం సరుకుకు ప్రతినిధి కాకపోవచ్చు; నిబంధనలకు నూటికి నూరుపాళ్లు సరిపోయిన బిటుమెన్‌ను ప్లాంటులో పొగలు కక్కేలా మరిగిస్తే, లారీ ఎక్కకముందే అది ఏళ్ల వయసు మీద వేసుకుంటుంది. అందుకే పని జరిగే చోట మిశ్రమం తీసుకొని, ద్రావణితో బిటుమెన్‌ను కడిగి వేరుచేసి లేదా 538 డిగ్రీల కొలిమిలో కాల్చివేసి, అసలు ఎంత కలిపారో తూచి చూస్తారు. మిగిలిన కంకరను జల్లెడ పట్టి పరిమాణాలు సరిచూస్తారు. వేసిన రోడ్డు నుంచి గుండ్రటి ముక్కలు కోసి తీసి మందం, సాంద్రత కొలుస్తారు. మిశ్రమం చల్లారిపోయాక రోలరు ఎన్నిసార్లు తిప్పినా అది దట్టించుకోదు. అప్పుడు పొరలో గాలి 8 శాతం దాటిపోయి, లోపలి ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి, తొలి వానకే నీరు కిందికి దిగుతుంది. ప్రయోగశాలలో మంచి మార్కులు తెచ్చుకున్న మిశ్రమం రోడ్డు మీద విఫలమయ్యే సందర్భాలలో ఇది తరచుగా కనిపించే కారణం.

కాబట్టి ఏ ఒక్క సంఖ్యా రోడ్డు నాణ్యతకు పూచీ పడదు. బంధకం శ్రేణి, ముదిరిన తరువాతి స్నిగ్ధత, మిశ్రమంలోని గాలి పాలు, తడిసిన బిళ్ల బలం, కోసి తీసిన ముక్క సాంద్రత, వీటిని కలిపి చదివినప్పుడే ఆ రోడ్డు ఎన్ని వేసవులు, ఎన్ని వానాకాలాలు తట్టుకుంటుందో ఒక అంచనాకు రావచ్చు. ఈ చదువు ఇంజినీర్లకే పరిమితం కానక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం ప్రభుత్వ పనులను తనిఖీ చేయడమే గాక, వాటిలో వాడిన పదార్థాల ధ్రువీకృత నమూనాలను తీసుకొనే హక్కు కూడా పౌరులకు ఉంది. తమ ఊరి రోడ్డు తొలి వానకే లేచిపోతే, పరీక్షల రిజిస్టరులోని ఈ సంఖ్యలను అడిగి తెలుసుకోవడం ప్రతి పౌరుడూ చేయగలిగిన పని, చేయవలసిన పని.